చూసి చేయడం ఎక్కడిదాకా మంచిది, ఎక్కడ్నుంచి ముంచుతుంది?

గీతలు_రాతలు:

అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి బుర్రలో తిరుగుతున్న విషయం ఇది, ఇక్కడ రకరకాల పనులు చేసేవాళ్ళున్నారు కదా అని అడుగుతున్నా. నేను బొమ్మలేయడం నేర్చుకుంటున్నా. నాకు బాగా ఇష్టమైన ఆర్టిస్ట్ ఒకాయన ఉన్నారు. ఆయన గీత ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ లావవుతుంది, మొహంలో ఏది వేయకుండా వదిలేస్తారు, ఇవన్నీ చూసి చూసి నా చెయ్యి కూడా అలాగే పోతోంది ఇప్పుడు. నేర్పించే మేడమ్ ఏమో ఇంకా వెయ్యి, చెయ్యి తిరిగేదాకా వెయ్యి అంటారు. నా ఫ్రెండ్ ఏమో బొమ్మలు చూసి, ఇందులో నువ్వెక్కడున్నావే, అంతా ఆయనే కదా అనేసింది. ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే, ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అందుకే ఎటూ తేలట్లేదు.

బొమ్మల సంగతొక్కటే అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. మా తమ్ముడు వాళ్ళ క్లాస్ ఫస్ట్ అబ్బాయి ఏ కోర్సు తీసుకుంటే అదే తీసుకుంటా అని కూర్చున్నాడు, ఆ అబ్బాయి తెల్లవారుజామున లేచి చదువుతాడట, వీడూ లేస్తున్నాడు, పగలంతా తూగుతున్నాడు. ఇంట్లో వాళ్ళు పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది అంటున్నారు. కానీ మాట, నడక, చేతిరాత అన్నీ ఎవర్నో ఒకర్ని చూసేగా నేర్చుకున్నాం మనమంతా, అప్పుడెవరూ తిట్టలేదే! మరి ఏది నేర్చుకోవడం, ఏది వాత పెట్టుకోవడం, ముందే తెలిసే గుర్తేమైనా ఉందా? నీలా నువ్వుండు లాంటి మాటలు మాత్రం వద్దు ప్లీజ్, ఎలాగో ఎవరూ చెప్పరు, ఉండమని మాత్రం అందరూ చెప్తారు.

పాతకాగితం:

మీ మేడమ్ చెప్పింది కరెక్టే అండి, కాకపోతే ఎలా కాపీ చేయాలో కూడా చెప్పుంటే మీకీ అనుమానం వచ్చేది కాదు. నేను రాసే పనిలో ఉన్నా కాబట్టి నాకు తెలిసిన ఉదాహరణ చెప్తా. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ళన్న ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తూ రాయడం నేర్చుకున్నాడు, ఎలా నేర్చుకున్నాడో ఆత్మకథలో ఆయనే వివరంగా రాసుకున్నాడు. లండన్ నుంచి వచ్చే ఒక పత్రికలో వ్యాసాలు ఆయనకి తెగ నచ్చాయి. ఒక వ్యాసం తీసుకోవడం, ఒక్కో వాక్యంలో ఉన్న భావం రెండు ముక్కల్లో నోట్ చేసుకోవడం, కొన్ని రోజులు పక్కన పడేయడం, తర్వాత అసలు వ్యాసం చూడకుండా ఆ నోట్స్ మాత్రమే పెట్టుకుని మొత్తం తన మాటల్లో మళ్ళీ రాయడం, అప్పుడు అసలుది తీసి పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో చూసుకుని దిద్దుకోవడం. తనకి మాటలు తక్కువున్నాయని అర్థమై, కొన్ని కథల్ని పద్యాలుగా మార్చి, వచనం బాగా మర్చిపోయాక మళ్ళీ వచనంలోకి తిప్పేవాడట. నోట్సుల్ని కావాలని కలగాపులగం చేసి, కొన్ని వారాలయ్యాక వరస పేర్చడం కూడా చేశాడు, ఆలోచనని ఒక క్రమంలో పెట్టడం అలవాటవ్వాలని. అలా పోల్చుకునేటప్పుడు అక్కడక్కడా చిన్న విషయాల్లో తనదే అసలుదానికన్నా బాగుందనిపించేదట. మీ ఫ్రెండ్ వెతుకుతున్న 'నువ్వు' అక్కడ బయటపడుతుంది చూడండి.

ఇందులో అసలు పని పక్కన పడేయడం. కళ్ళ ముందు పెట్టుకుని దించితే చెయ్యి పని చేస్తుంది గానీ బుర్ర పెద్దగా చెయ్యదు. మీరు ఆయన బొమ్మ బాగా చూసి, మూసేసి, మర్నాడు గుర్తున్నంతవరకు వేసి, అప్పుడు తెరిచి పోల్చండి. ఎక్కడ తప్పిందో అది మీకు అర్థం కాని చోటు, ఎక్కడ వేరేగా వచ్చినా బాగుందో అది మీ చోటు.

ఇంకోటి, మీరు బొమ్మలవాళ్ళు కాబట్టి చెప్తున్నా. వాన్ గో 1889 చివర్లో, 1890 మొదట్లో ఫ్రాన్స్‌లో సాన్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మిలే అనే ఫ్రెంచ్ ఆర్టిస్ట్ బొమ్మలు చూసి ఇరవై దాకా పెయింటింగులు వేశాడు. అప్పటికి ఆయనేం నేర్చుకునే కుర్రాడు కాదు, ఆయన గొప్ప బొమ్మలు బోలెడు అప్పటికే అయిపోయాయి. దగ్గరున్నవి నలుపు తెలుపు ప్రింట్లు, రంగులన్నీ తనే పెట్టుకున్నాడు. తమ్ముడు థియోకి రాసిన ఉత్తరంలో, బీథోవెన్ సంగీతాన్ని వాయించేవాడు తన పద్ధతిలో వాయిస్తే ఎవరూ తప్పనరు కదా, బొమ్మలకెందుకు వేరే రూలు అన్న అర్థం వచ్చేలా రాశాడు. మనుషులు, భంగిమ, పొలం అన్నీ మిలేవే, కానీ చూసినవాడెవడూ మిలే అనుకోడు. కాబట్టి కాపీ చేస్తే మనం పోతాం అనే భయం అక్కర్లేదు, ఎక్కడ ఖాళీ ఉంచుకుంటున్నారో చూసుకోండి చాలు.

బార్ దాటాలి:

నేను పిల్లలకి అథ్లెటిక్స్ నేర్పిస్తా, మీ తమ్ముడి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయా, ఎందుకంటే ఆ తెల్లవారుజామున లేచే కేసులు నా దగ్గర ప్రతి బ్యాచ్‌లో ఉంటాయి. ఎవరో పెద్ద అథ్లెట్ ఎంత ప్రాక్టీస్ చేస్తాడో వీడియోలో చూస్తారు, మర్నాడే మొదలెడతారు, మోకాలు పట్టుకుని కూర్చుంటారు. వాళ్ళు చూసింది ఆ మనిషి ఇవాళ చేసే ప్రాక్టీస్. ఆయన శరీరం దాన్ని తట్టుకునే స్థితికి రావడానికి పట్టిన ఏళ్ళు వీడియోలో ఉండవు కదా, అదే ప్రాక్టీస్ చేసి దెబ్బ తిని మానేసినవాళ్ళూ ఉండరు. కనిపించేది నిలబడ్డవాడొక్కడే.

హైజంప్‌లో దీనికి మంచి కథ ఉంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ అనే అమెరికన్, బార్‌కి వీపు పెట్టి వెనక్కి వాలి దూకి 2.24 మీటర్లతో గోల్డ్ కొట్టాడు. అప్పటిదాకా పైస్థాయిలో చాలామంది పొట్ట బార్ వైపుంచి దొర్లే పద్ధతిలో దూకేవాళ్ళు, స్ట్రాడిల్ అంటారు దాన్ని. ఫాస్‌బరీకి ఆ స్ట్రాడిల్ సరిగ్గా కుదర్లేదు, కుదరకే తన దారి వెతుక్కున్నాడు. ఆ తర్వాత అందరూ ఆయన్ని కాపీ కొట్టారు, 1972 మ్యూనిక్‌కి వచ్చేసరికి 40 మందిలో 28 మంది అదే పద్ధతి. మరి అది మంచి కాపీయే, నడుం విల్లులా వంచితే శరీరం బార్ పైనుంచి పోతున్నా బరువు కేంద్రం, అంటే ఒంటి బరువంతా సమతూకమయ్యే చోటు, బార్ కింద నుంచి పోవచ్చు, లెక్క ప్రకారమే లాభం.

కానీ రెండు సంగతులు ఎవరూ చెప్పరు. ఒకటి, అదే టైంలో ఇసుక, రంపపు పొట్టు పోయి ఫోమ్ పరుపులు రావడం మొదలైంది. వీపు మీద, మెడ మీద పడే దూకుడది. పరుపు లేని గ్రౌండ్‌లో దాన్ని కాపీ కొడితే మెడ విరుగుతుంది, దూకే వాడి తప్పేం లేకపోయినా. రెండోది, పాత పద్ధతి అప్పుడే చచ్చిపోలేదు. ఆడవాళ్ళలో మొదటిసారి 2 మీటర్లు దాటింది 1977లో రోజ్‌మరీ ఆకర్‌మాన్, స్ట్రాడిల్‌తోనే. 1978లో వ్లదిమీర్ యాష్చెంకో 2.34తో ప్రపంచ రికార్డు పెట్టాడు, అదీ స్ట్రాడిల్‌తోనే. చుట్టూ అందరూ మారిపోతున్నా, తమకి అచ్చొచ్చిన దాంట్లోనే ఉండి రికార్డులు కొట్టారు.

అందుకే నా దగ్గరికొచ్చే పిల్లల్ని నేనడిగేది, నువ్వు చూసి చేద్దామనుకునేవాడి కింద పరుపేంటి అని. మీ తమ్ముణ్ణి కూడా అడగండమ్మా. ఆ అబ్బాయి తెల్లారకముందే లేస్తున్నాడు సరే, ఎన్నింటికి పడుకుంటున్నాడు? ఆ కోర్సులో ఉండే సబ్జెక్టులు ఆ అబ్బాయికి మామూలుగానే ఇష్టమా? చదువు ఆగకుండా చూసుకునే పెద్దవాళ్ళెవరైనా వెనకున్నారా? ఇవి తెలిశాక కూడా అదే తీసుకుంటానంటే తీసుకోనివ్వండి, అప్పుడది వాడి నిర్ణయమే.

ఒంటరి_కాకి:

పైన ఇద్దరూ బాగా చెప్పారు గానీ మీరంతా పనుల గురించే మాట్లాడుతున్నారు, గీత గీయడం, దూకడం, రాయడం. వాటిల్లో తప్పు చేస్తే కనీసం కనిపిస్తుంది, బార్ పడిపోతుంది. అభిప్రాయాల్లో, ఇష్టాల్లో, భయాల్లో మనం ఒకర్ని చూసి ఒకరం చేసే కాపీ ఉంది చూశారూ, అందులో పడిపోయే బార్ ఏదీ లేదు, నాకు భయమేసేది దాన్ని చూసే.

సోలమన్ ఆష్ అనే సైకాలజిస్ట్ 1951లో పబ్లిష్ చేసిన ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దీనంత పొడవున్నదేదో చెప్పమంటారు. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ గదిలో మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకున్నవాళ్ళు, కావాలని ఒకే తప్పు జవాబు చెప్తారు. అలా తప్పు చెప్పిన రౌండ్లలో పాపం ఏమీ తెలియని ఆ ఒక్క మనిషి ఇచ్చిన జవాబుల్లో మూడోవంతు దాకా గుంపు చెప్పిన తప్పే. కళ్ళెదురుగా ఉన్న గీత అది! కొంతమంది తర్వాత ఏమన్నారంటే, నాకు కరెక్ట్ తెలుస్తూనే ఉంది, కానీ తేడాగా కనిపించడం ఇష్టం లేక చెప్పేశా అని. ఇంకొంతమంది నా కళ్ళే సరిగా లేవేమో అనుకున్నారు. ఈ రెండో రకం గురించి నాకు బాధ, ఎందుకంటే వాళ్ళు కాపీ కొడుతున్నామని కూడా అనుకోవట్లేదు.

ఏ చదువు మంచిది, ఏ ఉద్యోగం గౌరవం, ఎవర్ని ఆరాధించాలి, ఎవర్ని చూసి నవ్వాలి, ఇవన్నీ ఆ గదిలో జవాబుల్లాగే మన నోట్లోకి వచ్చేస్తున్నాయి. అందుకే నేను మీ ఫ్రెండ్ వైపు. ఆవిడ అడిగిన ప్రశ్న కొంచెం గుచ్చుకున్నా మంచి ప్రశ్న.

గీతలు_రాతలు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా చాలా థాంక్స్. పాతకాగితం గారూ, ఆ మూసేసి వేయడం రేపట్నుంచే మొదలెడతా. కోచ్ గారూ, పరుపు ప్రశ్న తమ్ముడికి పంపించా.

కానీ ఒక చోట ఆగిపోయా. ఏది అవసరమో ఏది కాదో చూసి తీసుకోమంటున్నారు, అది తెలిసేది వచ్చినవాళ్ళకి కదండీ? ఆయన పెన్సిల్ ఒకరకంగా పట్టుకుంటారు, నేనూ అలాగే పట్టుకుంటున్నా, ఆ గీత అందమంతా ఆ పట్టులో ఉందో, లేక అది ఆయనకున్న ఉత్త అలవాటో నాకెలా తెలుస్తుంది? తెలియనప్పుడు మొత్తం కాపీ చేయాలా, ఏదీ చేయకూడదా?

బడిగంట:

ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది, చిన్నపిల్లలతో పని చేసేవాళ్ళకి ఇది రోజూ కనిపించే విషయమే. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అని ఇద్దరు చేసిన ప్రయోగం ఉంది. ఒక పెట్టె, లోపల బహుమతి. చూపించేవాళ్ళు పుల్లతో పైన కన్నంలో పొడవడం లాంటివి కొన్ని చేసి, తర్వాత తలుపు తెరిచి తీస్తారు. పైన పొడవడం వల్ల ఉపయోగం సున్నా. పెట్టె లోపల కనపడకుండా ఉన్నప్పుడు చింపాంజీలు అన్నీ అలాగే చేశాయి. అదే పెట్టె పారదర్శకంగా ఉంటే, పైన పొడిచేది ఎక్కడికీ పోవట్లేదని కనిపిస్తుంది కాబట్టి, ఆ పని ఎక్కువగా వదిలేసి నేరుగా బహుమతి తీసుకున్నాయి. మూడు నాలుగేళ్ళ పిల్లలు మాత్రం రెండు పెట్టెలకీ మొత్తం తంతు పూర్తిగా చేశారు.

చదివినవాళ్ళు అయ్యో చింపాంజీయే నయం అనుకుంటారు, నేనలా అనుకోను. మనుషులు చేసే పనుల్లో సగానికి కారణం పెట్టెలోంచి కనపడదు. ముడి వేయడం, అక్షరం రాయడం, వాయిద్యం పట్టుకోవడం, ఎందుకలా అని నేర్పేవాళ్ళకే తెలియనివి ఎన్నో ఉంటాయి, అయినా తరం నుంచి తరానికి పోకుండా వస్తున్నాయంటే పిల్లలు ఇలా అనవసరంగా కనిపించేవి కూడా వదలకుండా పట్టుకోవడం వల్లే. కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు, మొదట్లో మొత్తం తీసుకోండి, పెన్సిల్ పట్టుతో సహా. చెయ్యి కుదురుకున్నాక ఒక్కొక్కటీ తీసేసి చూడండి. ఈ వారం పట్టు మార్చి వేయండి, గీత పాడైతే అందులో ఏదో ఉన్నట్టు, పాడవకపోతే అది ఆయన అలవాటు, మీకక్కర్లేదు. రెండు మూడు ఒకేసారి మార్చారనుకోండి, దేని వల్ల పాడైందో తెలీదు.

పసిపిల్లలే ఈ ఏరివేత కొంత చేస్తారంటే నమ్మండి. 2002లో గెర్గెలీ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు 14 నెలల పిల్లలకి ఒకావిడ నుదుటితో లైట్ నొక్కడం చూపించారు. ఆవిడ చేతులు ఖాళీగా ఉండి కూడా నుదుటితో నొక్కితే, చాలామంది పిల్లలు తర్వాత నుదుటితోనే నొక్కారు. చలేస్తున్నట్టు దుప్పటి కప్పుకుని రెండు చేతులతో పట్టుకునుంటే, ఎక్కువమంది మామూలుగా చేత్తో నొక్కేశారు. చేతులు ఖాళీ లేక అలా చేసింది, నాకు ఖాళీయే కదా అన్నట్టు! కోచ్ గారి పరుపు ప్రశ్నే ఇది, మాటలు రాని వయసులో.

ప్రమాదం గురించి కూడా చెప్పాలి, నాకిది చాలా పట్టింపు ఉన్న విషయం. బందూరా అనే సైకాలజిస్ట్ 1961లో చేసిన బొమ్మ ప్రయోగం ఫేమస్, పెద్దవాళ్ళు గాలి బొమ్మని కొట్టడం చూసిన పిల్లలు, చూడని పిల్లల కంటే ఎక్కువగా దాన్ని కొట్టారు, అదే తిట్లు కూడా తిట్టారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది 1965లో చేసింది. అందులో, సినిమాలో కొట్టినవాడికి శిక్ష పడినట్టు కొందరు పిల్లలకి చూపించారు, వాళ్ళు తక్కువ కాపీ చేశారు. హమ్మయ్య అనుకుంటాం. కానీ తర్వాత, వాడేం చేశాడో చేసి చూపిస్తే స్టిక్కర్లిస్తాం అనగానే ఆ పిల్లలు కూడా మిగతావాళ్ళంత బాగా చేసి చూపించారు. అంటే అప్పుడే నేర్చేసుకున్నారు, బయటపెట్టలేదంతే. ఇంట్లో మన అరుపులు చూసి పిల్లాడు ఇవాళ అరవట్లేదు కదా అని ధైర్యంగా ఉండకండి తల్లిదండ్రులెవరైనా చదువుతుంటే.

లెక్కల_మనిషి:

ఒంటరి_కాకి గారి పోస్ట్ మీద ఒక మాట. గుంపుని చూసి చేయడం అన్నిసార్లూ బలహీనత కాదండి. కెవిన్ లాలండ్ అనే శాస్త్రవేత్త వాళ్ళ టీమ్ ఒక కంప్యూటర్ పోటీ పెట్టింది, ఫలితాలు 2010లో వచ్చాయి. మారిపోతూ ఉండే ఒక ప్రపంచంలో బతకడానికి ప్లాన్ రాసి పంపమన్నారు, 104 ఎంట్రీలు వచ్చాయి. ప్రతి అడుగులో మూడే దారులు, సొంతంగా కొత్తది కనిపెట్టడం, వేరేవాళ్ళని చూసి నేర్చుకోవడం, తెలిసింది చేసి లాభం పొందడం. సొంతంగా కనిపెట్టేవాళ్ళూ చూసేవాళ్ళూ సమానంగా కలిసుంటే గెలుస్తారని చాలామంది అనుకునేదే, గెలిచింది మాత్రం దాదాపు పూర్తిగా చూసి నేర్చుకునే ప్లాన్. కారణం చాలా సింపుల్, అవతలివాళ్ళు తమకి తెలిసినవాటిల్లో బాగా పని చేసేదే చేస్తుంటారు, కాబట్టి చెత్త చాలావరకు మన దాకా రాకముందే వడపోత అయిపోయి ఉంటుంది.

అయితే గెలిచిన ప్లాన్‌లో ఇంకోటుంది, చూసి నేర్చుకున్నది ఎంత పాతదైతే దానికి అంత తక్కువ విలువ ఇచ్చేది, ప్రపంచం ఎంత వేగంగా మారుతోందో అంచనా వేసుకుని మరీ. మనం ఇక్కడే దెబ్బ తింటాం. ఎవరో ఎప్పుడో గెలిచిన దారిని ఇవాళ కూడా అదే ధరకి కొనేస్తాం. తమ్ముడి కోర్సు విషయంలో ఆ అబ్బాయి సమాచారం ఎప్పటిదో కూడా కనుక్కోండి.

ఇంకో సంగతి ప్రకృతిలోంచి. హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అమెజాన్ అడవుల్లో 11 ఏళ్ళు ఉండొచ్చి 1862లో ఒక పేపర్ రాశాడు, పక్షులు తినని చేదు సీతాకోకల రంగుల్ని, తినదగ్గ వేరే సీతాకోకలు అచ్చం పోలి ఉంటాయని. ఆ వేషం పని చేయాలంటే నకిలీవి బాగా తక్కువుండాలి. నకిలీలు పెరిగిపోతే పక్షి తిన్న ప్రతిసారీ రుచిగానే తగులుతుంది, ఇక ఆ రంగుకి భయపడదు, నకిలీలతో పాటు అసలువీ పోతాయి. గీతలు_రాతలు గారూ, మీకిష్టమైన ఆర్టిస్ట్ లాగే వేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. ఇద్దరు ముగ్గురైతే గొడవ లేదు, అందరూ అదే వేస్తుంటే మీకూ గుర్తింపు రాదు, పాపం ఆయన గీతకీ విలువ పోతుంది.

ఒంటరి_కాకి:

లెక్కల_మనిషి గారూ, వడపోత మాట ఒప్పుకుంటున్నా, కానీ అది అవతలివాళ్ళు నిజంగా చేసి ఫలితం చూసినప్పుడే కదా. ఆష్ గదిలో ఎవరూ ఏదీ కొలవలేదు, నోటితో చెప్పారంతే. నేను ఇప్పట్నుంచి వేసుకోబోయే తేడా అదే, ఈ మనిషి చేసి చెప్తున్నాడా, విని చెప్తున్నాడా అని. ఆష్ వేరే సారి చేసినదాంట్లో, గుంపులో ఒక్కడు కరెక్ట్ జవాబు చెప్పినా చాలు, ఆ తెలియని మనిషి తప్పుకి లొంగడం బాగా తగ్గిపోయింది. ఒక్కడు చాలు. కాబట్టి మీ ఫ్రెండ్‌ని దూరం పెట్టకండమ్మా, మీ మేడమ్ దగ్గర నేర్చుకుంటూనే ఆవిడకి బొమ్మలు చూపిస్తూ ఉండండి.

ఇంకా ఒకటే అడగాలనుంది, చూసి వేసిన బొమ్మలు బయట పెట్టేటప్పుడు ఆ ఆర్టిస్ట్ పేరు కింద రాస్తున్నారా?

గీతలు_రాతలు:

రాస్తున్నానండి, మొదట్నుంచీ. గుర్తుండి వేసినవి, చూస్తూ వేసినవి వేరు వేరుగా పెట్టలేదు, అది కూడా రాస్తా ఇక నుంచి.